తాలు

పదేళ్లలో నా మందులకెంతవుతుందో
లెక్కకట్టి పంపమంది ఆ దేశం.

మిర్చి యార్డు గుమాస్తాని, తూకాలు నాకు కొత్తా?
టిక్కీకింత తరుగు, తేమకింత కోత,
మచ్చ పడితే తాలు. వేరే కుప్ప.

పెద్దాసుపత్రి ఏఆర్‌టీ గదిలో మార్తమ్మగారు
రిపోర్టు మీద గోటితో గీత గీశారు:
"వైరస్ కనపడ్డం లేదయ్యా, ఇదే రాయి."
రాశాను.
కింది గడిలో మళ్లీ అడిగారు:
జబ్బు ఉందా, లేదా?

అరండల్‌పేటలో స్కాన్ చేసే కుర్రాడు
కాగితం చదవబోతుంటే దగ్గాను.
యార్డు ఘాటనుకుని మంచినీళ్లిచ్చాడు.

రాత్రి తొమ్మిదికి మాత్ర.
డబ్బా గలగలమనకుండా
ఇన్నేళ్లూ దూది కుక్కాను.
ఇవాళ తీసేశాను.
గోడవతల నుంచి సుభానీ
ఏంటా చప్పుడన్నాడు.

తాలుకాయ ఎప్పుడైనా కొరికి చూశారా
ఆ దేశంలో?