తొమ్మిదిన్నర దాకా

విక్టోరియా స్టేషన్లో గేట్ల పక్కన డ్యూటీ నాది.
రోజూ ఎనిమిదీ యాభైకి వస్తుంది నీదియా,
చేతులకింకా ఫినాయిల్ వాసన.
గడియారం కింద గోడకానుకుని
ఒక బూటు విప్పి, బన్ను తుంచుకుంటూ
తొమ్మిదిన్నర కోసం చూస్తుంది.
ఆ ముల్లు దాటితే ఛార్జీ తగ్గుతుంది.

మంగళవారం ఉండబట్టలేక చెప్పేశాను:
"మూడు చోట్ల పనున్న రోజు
సాయంత్రానికల్లా మీ కార్డు ఎలాగూ పరిమితికి చేరుతుంది.
ఆపైన ఎన్నిసార్లు ఆనించినా పెన్నీ కోయదు.
పొద్దున ఎక్కువ కోసినా తక్కువ కోసినా
రాత్రికి లెక్క ఒకటే.
ఇన్నాళ్లూ ఊరికే నిలబడ్డారు."

నమలడం ఆపింది.
వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది, స్పానిష్‌లో.
ఎన్ని నెలలు, ఎన్ని నలభై నిమిషాలో.
నాలుక కరుచుకున్నాను.

మర్నాడు ఎనిమిదీ యాభై.
వెడల్పాటి గేటు తెరిచి పట్టుకున్నాను.
తల అడ్డంగా ఊపి
గడియారం కిందికే వెళ్లింది.
ఈసారి రెండు బూట్లూ విప్పింది.

"ఇంటికెళితే పిల్లల బట్టలు,
వెంటనే రెండో పని.
ఇక్కడైతే
నన్నెవరూ పిలవరు," అంది.

తొమ్మిదీ ముప్పై ఒకటి.
జనం పల్చబడ్డారు.
ఆమె ఇంకా లేవలేదు.