గట్టిమేళం తర్వాత

బ్రాడీపేట నాలుగో లైను, జిరాక్స్ షాపు పక్క మెట్లు,
మేడ మీద ఏసీ లేని గది.
నేను సివిల్. పిల్లర్లు లెక్కగట్టాల్సిన చేతికి
జోజిబాబు గారు మౌస్ ఇచ్చి
"ఆరు గంటల పెళ్లి. నలభై నిమిషాలకి దించు" అన్నారు.
జీతం మాట దసరా వెళ్లాక.

మొదటి వారంలో నాకు తెలిసింది:
తింటూ ఎవరూ అందంగా ఉండరు.
మేనమామలు పీటల దగ్గర కూడా ఫోన్ చూసుకుంటారు.
తలంబ్రాల జోలికి మాత్రం వెళ్లకూడదు,
అక్కడ ఆడపెళ్లివారూ నిజంగానే నవ్వుతారు.

రెండర్ తొంభై ఆరు దగ్గర కరెంటు పోయింది.
యూపీఎస్ కాసేపు కుయ్యోమని, మానేసింది.
కింద మిర్చి టిక్కీల లారీ వెళ్లినట్టుంది,
చీకట్లో ఇద్దరం తుమ్ముకున్నాం.

మళ్లీ మొదట్నుంచి.
గట్టిమేళం ఆగిన మరుక్షణం
హెడ్‌ఫోన్లో ఒక దగ్గు, తడిగా, లోతుగా.
ఫ్రేము అంచున సన్నాయి దించుతున్న చెయ్యి,
వేలికి ఎర్రరాయి ఉంగరం.
అంతకుమించి కెమెరా అతని వైపు వెళ్లనే లేదు.

"తీసెయ్."
తీశాను.
ఆ ఖాళీలో, పక్క క్షణం నుంచి
కాస్త ఫంక్షన్ హాలు గాలి తెచ్చి అతికించాను.
"చెయ్యి తిరుగుతోందిరా" అన్నారాయన.
టీ కూడా తెప్పించారు.

పదిన్నరకి శంకర్ విలాస్ దగ్గర షేర్ ఆటో.
పక్కన ఒళ్లో పొడుగు గుడ్డసంచి,
దాని మీద ఎర్రరాయి ఉంగరం.
బాగా వాయించారండీ అందామంటే
ఎక్కడ విన్నావని అడుగుతాడు.
కాస్త జరిగాను.
లాలాపేట వచ్చేలోపు ఏడుసార్లు దగ్గాడు.
ఏడూ పూర్తిగా విన్నాను.