జాజు

మూడో తరగతి రిజిస్టరులో ఇరవై ఒక్క పేర్లు.
మినీబస్సెక్కింది పద్దెనిమిది మంది.
ఇద్దరికి గవదబిళ్ళలు.
ఈరన్న సుగ్గికి పోయినాడు,
అమ్మానాయన వెంబడి, గుంటూరు దిక్కు, మిరపకోతకు.
వాని పేరు పక్కన నెలరోజులుగా
నేను రాస్తున్నది ఒకే అక్షరం.

కోడుమూరు దాటకముందే మాబున్ని కక్కుకుంది.
హంద్రి వంతెన మీద అందరూ ఒక్కసారే కిటికీల మీద పడితే
డ్రైవరు దస్తగిరి కసిరినాడు:
"నీళ్ళే లేవు, ఏం జూస్తారప్పా!"
ఇసుకను చూసినారు.
ఇసుకలో ఒక కుక్క నిలబడి వీళ్ళను చూసింది.
ఆ సంగతి ఓర్వకల్లు దాకా సరిపోయింది.

అక్కడ రాళ్ళ నీడన ఉగ్గాని పొట్లాలు విప్పినాం.
మద్దిలేటి ఒక బండను చూపి మా ఎనుము అన్నాడు.
కాదు, తాగి పండుకున్న మా పెదనాయన అంది సువార్త.
పచ్చిమిరపకాయలన్నీ ఏరి
బండ మీద వరుసగా పెట్టినారు, నాకు.

కేతవరం గుట్ట ఎక్కేసరికి
మాఘమాసపు ఎండ నడినెత్తికొచ్చింది.
రాత్రి కూచుని రాసుకున్న కాయితం తీసి
ఆదిమానవుడు, వర్ణచిత్రం, అని మొదలుపెట్టినాను.
ఎవరూ వినలేదు.
రాతి మీద ఎర్రగా జింక ఒకటి పరిగెత్తుతా ఉంది,
పక్కన మనిషి, పుల్లల్లాంటి కాళ్ళు.
సుంకులమ్మ ముక్కు రాయికి తగిలేంత దగ్గరికి పోయి
తిరిగి చూసింది.
"టీచర్, ఇది మా అవ్వ జాజు గదా?
పండగొస్తే అరుక్కు పూస్తాదే, అది!"

ఇంక ఎవరి నోరూ ఆగలేదు.
గీసేదాకా జింక నిలబడిందా?
వీళ్ళు పలక కొనుక్కోలేదని గోడ మీద రాసినారా?
వీళ్ళ టీచరు కొట్టలేదా?
అన్నిటికీ తెలీదన్నాను.
పదకొండేండ్ల ఉద్యోగంలో
ఇన్నిసార్లు తెలీదని చెప్పింది ఆ పొద్దే.

తెల్లారి, పిలవకుండానే,
కొబ్బరిచిప్పలో జాజుగడ్డ పట్టుకొని
సుంకులమ్మ అవ్వ బడికొచ్చింది.
కుర్చీ వేస్తే దాని పక్కన నేల మీద కూచుంది.
"నీళ్ళెక్కువైతే కారతాది,
తక్కువైతే పెళ్ళలు లేస్తాది.
ఎంతనేది చెయ్యికి తెలుస్తాది, నోటికి తెలీదు."
నా కాయితంలో లేని పాఠం.
అరగంటసేపు నేనూ వెనక బెంచీలో కూచున్నాను.

గోడకు రంగులేసి ఏడాది కాలేదని
హెడ్మాస్టరు గొణిగినాడు. చివరికి,
"వెనక గోడైతే పూసుకోండి."
వెనక గోడ మీద పద్దెనిమిది అరచేతులు.
కొన్ని జారినాయి. ఒకదానికి ఆరు వేళ్ళు,
ఎవరిదో మాకు ఇంకా తేలలేదు.
గవదబిళ్ళలు తగ్గినోళ్ళు సోమవారం వచ్చి అద్దినారు.
చిప్పలో కొంచెం జాజు మిగిలింది.

"ఈరన్నది?" అంది మాబున్ని.

చేతుల్లేకుండా చెయ్యెట్లా అద్దేది?
మద్దిలేటి లెక్కల బీరువాలో తల దూర్చి
పాత నోటుబుక్కు లాగినాడు.
కార్తీకంలో జానలూ బెత్తలూ కొలిచిన పాఠం.
అందరూ చేతులు పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసుకున్న పేజీలు.
ఈరన్న చిటికెనవేలు దగ్గర గీత వంకరపోయింది,
అప్పుడు ఎవరో నవ్వించినారు.
ఆ వంకరతోనే కత్తిరించినాం.
గోడకు ఆనించి సుంకులమ్మ జాజు నింపింది.
కాయితం ఎత్తేటప్పుడు
ఇరవైమంది ఊపిరి బిగబట్టినారు.

ఉగాదికి ముందురోజు వాడొచ్చినాడు.
పొడుగైనాడు. మాట తగ్గింది.
వేళ్ళ సందుల్లో తోలు పొట్టు లేస్తా ఉంది,
కడుక్కున్నా మిరపమంట పోలేదంట,
రాత్రిళ్ళు చేతులు నీళ్ళబానలో పెట్టుకుంటాడంట.
వాళ్ళందరూ వాన్ని ఈడ్చుకొనిపోయి
వెనక గోడ ముందర నిలబెట్టినారు.
నేను కిటికీలోంచి చూస్తున్నాను.

చాలాసేపు చూసినాడు.
చెయ్యి నిక్కరుకు తుడుచుకొని
ఎర్రచేతి మీద ఆనించినాడు.
వేళ్ళు నాలుగూ గీతలు దాటిపోయినాయి.

"మీరు తప్పు గీసినారు టీచర్," అన్నాడు,
"చిన్నగ గీసినారు."