మరక

ముహర్రఖ్‌ల రొట్టెల భట్టీ ఎనుక గల్లీ.
ఇద్దరు ఎదురైతె ఒకరు గోడకు ఒదగాలె.
ఆ గల్లీల మూడో ఇల్లు
ముత్యాల సేటుదట ఒకప్పుడు.
నాకు మాత్రం అది పద్నాలుగు మంచాల రూము.
ఆరేండ్లు ఉన్న.
మీది మంచం నాది, కింద లింబాద్రిది.

గోడలు సముద్రపు రాయివి.
చెయ్యి పెట్టి రాకితె
నత్తలు, గవ్వలు, ఎన్నడో సచ్చిన పురుగుల ఇండ్లు తగులుతయి.
బలమని ఎవరో బయటి గోడలకు సిమెంటు పూసిండ్రు.
సిమెంటు కింద ఉప్పు మగ్గి మగ్గి
రాయి పిండైంది.
రాత్రిళ్ళు పళ్ళెంల రాలేది,
గోడను తిట్టుకుంట తినేది మేము.

రంజాన్ ముంగట నోటీసు వచ్చింది.
కూలగొడతరేమో అనుకున్నం.
కాదు, నిలబెడతరట.
మేము ఖాళీ చెయ్యాలె.

గల్లీ అంత ఒక్కటైంది.
సబీకా టీచరు, రిటైరైనామె,
ఇంటింటికి తిరిగి పాత ఫోటోలు అడుక్కొచ్చింది.
పక్కిల్లు కూల్చ వచ్చిన దినం
చేపల వేలం పాడే జాసిం
బుల్డోజరు ముంగట కుర్చీ ఏసుకొని కూసున్నడు,
చాయ్ ఫ్లాస్కు పట్టుకొని, మూడు దినాలు.
నాకు నవ్వొచ్చింది మొదాలు.
తర్వాత నవ్వు రాలే.
మనిషి కోసమే అంతసేపు ఎవరు కూసుంటరు?

పెట్టె సర్దుకొని హిద్ద్ దిక్కు క్యాంపుకు పోయిన.
నెల తిరగకముందే కంపెనీ బండి
పొద్దున ఐదింటికి నన్ను దించింది,
అదే గల్లీల, అదే తలుపు ముంగట,
చేతిల సుత్తె.

"సున్నం పని తెల్సినోళ్ళున్నరా?"
ఇంజనీరు పిల్ల మునీరా అడిగింది.
చెయ్యి సగమే లేపిన.

మా నాయిన గానుగ తిప్పెటోడు.
దున్నపోతు ఎనుక తిరిగి తిరిగి
ఆయన నడక సుత గుండ్రంగ అయింది.
నానబెట్టిన సున్నాన్ని నెల దాక ముట్టనిచ్చెటోడు కాదు.
పచ్చి సున్నం పచ్చి కోపమసొంటిది,
కండ్లు తీస్తది అనెటోడు.
సిమెంటు వచ్చినంక ఆ గానుగ రాయి
మా వాకిట్ల బట్టలుతికే బండైంది.
నేను సెంట్రింగ్ వీసా మీద ఇక్కడికొచ్చిన.

చెయ్యి మర్వలేదు.
కరక్కాయ నీళ్ళు, ఇంత బెల్లం అని చెప్పిన.
మునీరా రాసుకున్నది.
మనామా అత్తరు దుకాణంల
కడుపునొప్పి మందుల నడుమ దొరికినయి కరక్కాయలు.
పెషావర్ మేస్త్రి షేర్ జమాన్ ఒకటి కొరికి
మొకం అష్టవంకర్లు తిప్పిండు.

సిమెంటు ఒలిచినం, గాయం మీద పట్టీ ఒలిచినట్టు.
గోడ ఒక వారం కన్నీళ్ళు పెట్టింది, ఉప్పు కన్నీళ్ళు.
ప్రతి పొరకూ మునీరా నంబరేసి ఫోటో తీసింది.
ఒక గూట్లె నీలి రంగు. సేటు బిడ్డ గది కావచ్చన్నది.

నా మంచం దిక్కు లోపటి గోడకు మాత్రం
సిమెంటు ఎన్నడూ తగల్లే.
ఆడ, మనిషెత్తు మీద, గుండ్రంగ, పసుప్పచ్చగ
నా తలనూనె మరక.
ఆరేండ్లు ఆనుకొని ఫోన్ల మాట్లాడిన జాగ.
దాని పక్కన మార్కరు రాత:
లింబాద్రికి ఇయ్యాలె, నలభై దినార్లు.

"ఇది ఏ లిపి? ఏం రాసుంది?"
"లెక్క" అన్న.
"ఎప్పటిది?"
"మొన్నటిది."
నంబరు ఎయ్యాల్నా వద్దా అని
పెన్ను గాల్లెనే ఆపింది.

కమిటీ కూసున్నది ఆ సాయంత్రం.
ఉంచుదామన్నడు జాసిం.
మురికిని ఉంచుతరా అన్నడు ఒకాయన.
సబీకా టీచరు చాన సేపు గోడనే చూసింది,
ఏం మాట్లాడలే.
నేను బకెటు పట్టుకొని తలుపు కాడ ఉన్న.
నన్నెవరు అడగలే, నేనూ చెప్పలే.

పూత నేనే ఏసిన. మూడు కోట్లు.
లింబాద్రి ఇంటికి పోయి రెండేండ్లాయె,
నంబరు కలుస్తలేదు.
మొదటి కోటుకే బాకీ మాయమైంది,
నా చేతులతోటి, నా నాయిన సున్నంతోటి.
ఆ రాత్రి అన్నం సైసలే.

ఇంటికి రిబ్బన్ కట్టిండ్రు, కత్తిరించిండ్రు.
నేనప్పుడు రిఫాల ఇంకో ఇంట్ల నిచ్చెన మీద ఉన్న.
ఆగస్టు, గాలంత తడి.
మునీరా ఫోను చేసింది:
"గోడ మీద పసుప్పచ్చగ, గుండ్రంగ ఏదో తేలింది.
ఇంకో కోటు ఎయ్యాల్నా?"

ఎయ్యుండ్రి అన్న.
మళ్ళ వస్తది అన్న.