థర్మాకోల్ మూత

కొమ్ముకోనాం తల ఒక్క దెబ్బకి తీస్తాను.
జెల్ల ముల్లు గోటి కింద దిగితే
ఉప్పునీళ్ళలో వేలు ముంచి
మళ్ళీ కత్తిపీట మీదే కూచుంటాను.
పేగులు, మొప్పలు, జిగురు
మోచేతి దాకా ఎండి పొరలుగా లేస్తుంది.
దాంతో నాకు ఏ పేచీ లేదు.

ఐసుపెట్టె మూతతోనే.
ఆ తెల్ల థర్మాకోల్ అంచూ అంచూ రాసుకుంటే
కీచుమన్నది చెవికి కాదు,
పళ్ళకి వినిపిస్తుంది.
వెన్నులోంచి ఎవరో దారం లాగినట్టు.

ఎల్లాజీకి తెలుసు. కావాలనే నెమ్మదిగా తీస్తాడు.
"పేగులు పీకే చేతికి ఏటే ఈ నాజూకు!"
జెట్టీ అంతా నవ్వుతుంది.
నేనూ నవ్వుతాను,
పళ్ళ మధ్య నాలిక అడ్డం పెట్టుకుని.

చిన్నప్పుడు ముఖమల్ గౌను.
పండక్కని అమ్మ పూర్ణా మార్కెట్లో బేరమాడి తెచ్చింది.
ఎదురు నూగు మీద చెయ్యి పడి
జాలరిపేట సందంతా వినేలా ఏడ్చాను.
గాలి సోకిందన్నారు, మెడకి తాడు కట్టించారు.
ఆ తాడు కూడా గరుకే.
ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు మనవరాలు జోషిత ఒకటో తరగతి.
కొత్త యూనిఫాం, మెడ వెనక చిన్న చీటీ.
"కరుస్తంది" అంటుంది.
"మొండిది" అంటుంది దాని తల్లి.
పిల్ల భుజాలు చెవుల దాకా లేపి
గోడవైపు తిరిగి నిలబడింది.
ఆ భుజాలు నాకు తెలుసు.

కత్తిరిస్తే మొదలు మిగులుతుంది,
అది ఇంకా పొడుస్తుంది.
అందుకని చిన్న కత్తి నిమ్మచెక్కతో మూడుసార్లు తోమి
దీపం కింద కూచుని
పొలస ముళ్ళు ఏరినట్టు
ఒక్కో కుట్టూ విప్పాను.
నా వేళ్ళకి ఏదీ తెలియదు, ఉప్పుకి చచ్చిపోయాయి.
కాలరు తిరగేసి చెంపకి రాసుకుని చూశాను.
ఇంకో పోగు ఉంది. తీశాను.

జోషిత తొడుక్కుంది.
ఏమీ అనలేదు. భుజాలు దిగాయి.

తెల్లారి నాలుగింటికి
ఎల్లాజీ మూత మీద చెయ్యేశాడు.
"ఆగు" అన్నాను.
ముప్పై ఏళ్ళకి మొదటిసారి.
చెంబుడు నీళ్ళు అంచు చుట్టూ పోశాను.
వాడు నావైపు చూశాడు, చెంబువైపు చూశాడు,
ఏదో అనబోయి ఊరుకున్నాడు.

మూత చప్పుడు లేకుండా లేచింది.
లోపల కానాగంతలు,
ఐసు మీద కళ్ళు తెరుచుకునే.