ఆరో రీలు

కనిగిరి మాల్యాద్రి టాకీసులో
'చెంచా నీళ్ళు' మొదటి భాగం పదకొండు రోజులాడింది.
నేల టికెట్టు మూడు రూపాయలు.
రాబోయే కాలం కథ అన్నారు.
తెరమీద మనిషికో చెంచా కొలిచి పోస్తుంటే
మా వెనక వరసలో ఎవరో
"మనకంటే నయమే, రోజూ పోస్తుండారు" అన్నాడు.
హాలంతా నవ్వింది.
గార పట్టిన పళ్ళతో నేనూ నవ్వాను.

డబ్బుల్లేక తీసిన సినిమా.
ఊరి చుట్టూ ప్రహరీ అంటే
గుడ్డమీద పూసిన రంగే.
ఒక షాటులో గాలికి ఆ గోడ
నిండు చూలాలి కడుపులా ఉబ్బి
మెల్లగా లోపలికి పోయింది.
ఊపిరి తీసే గోడని అదే చూడటం.
ఆ రాత్రి పామూరు రోడ్డు వెంట నడుస్తూ
కంది చేల నల్లటి అంచు వైపు చూడకుండా
అమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను.

అందులో దొర కనిపించడు.
స్తంభానికి కట్టిన మైకు,
మైకులో ఒక దగ్గు,
దగ్గు తర్వాత ఆజ్ఞ. అంతే.

రెండో భాగానికి కోట్లు దొరికాయి.
బస్సెక్కి ఒంగోలు పోయి చూశాం, చల్లటి హాల్లో.
ఈసారి గోడ నిజంగానే కట్టారు, నూరడుగులు.
ఎంత తుఫాను గాలి పెట్టినా కదల్లేదు.
నా లోపలా ఏమీ కదల్లేదు.
దొరకి ముఖమొచ్చింది.
మంచి ముఖమే పాపం, రోజూ గడ్డం గీసుకునేవాడిది.

మూడో భాగంలో వాడికి చిన్నతనం వచ్చింది,
తల్లి వచ్చింది, తల్లికో జోలపాట వచ్చింది.
ఆ దగ్గు ఎందుకు పట్టుకుందో కూడా
పావుగంట సేపు చెప్పారు.
చెప్పకుండా ఉండాల్సింది.
ఆఖర్న వాన,
కంప్యూటర్లో కురిసిన వాన,
హాలు బయటికొచ్చి వాసన చూసుకుంటే
చొక్కాకి పాప్‌కార్న్ కంపు.

అయినా ఒకటుంది, దాచను:
మూడో భాగంలో ఎవరో పిల్ల మొలతాడుకి
ముసలమ్మ చెంచా వేలాడుతుంది, నాలుగు సెకన్లు.
అక్కడ ఏడ్చాను.
నాలుగోది వచ్చే నెలంట. పోతాను.

ఇదంతా మాలకొండయ్యతో వాదిస్తున్నాను నిన్న.
అప్పట్లో మాల్యాద్రిలో ఆపరేటరు,
హాలు మూసేశాక వాటర్ ప్లాంటు పెట్టుకున్నాడు.
నింపుతున్న క్యాను దించి, పంపు కట్టేసి,
చేతులు లుంగీకి తుడుచుకుని అన్నాడు:
"ఒక మాట చెప్తా, తిట్టబాక అబ్బయా.
ఆరో రీలూ ఏడో రీలూ నేను తారుమారుగా ఎక్కిచ్చా.
మొదటాట పొరపాటే.
రెండో ఆటకి తెలిసింది.
జనం ఉలక్కుండా కూచోనుంటే
మార్చబుద్ధి కాలా.
పదకొండు రోజులూ అట్నే ఆడిచ్చా."

మేం చూసిన సినిమాలో
ముసలమ్మ చచ్చిపోయింది, చాపలో చుట్టి మోసుకుపోయారు.
తర్వాత తెల్లారుజామున
ఏమీ జరగనట్టు వీధిలోకి నడిచొచ్చి
పక్కింటి పిల్ల నోట్లో తన చెంచా వంచి
మాట్లాడకుండా వెళ్ళిపోయింది.
చచ్చాక కూడా తన వంతు పంచడానికొచ్చిందని
హాలంతా నమ్మింది.
గాజుల ఖాదర్‌బీ లేచి నిలబడి దణ్ణం పెట్టింది.

రాత్రి ఫోన్లో వెతికి చూశాను.
ముసలమ్మ నీళ్ళు పోసింది. తర్వాత చచ్చిపోయింది.
కథ సరిగ్గా ఉంది.
అంత సరిగ్గా ఉందని నాకు తెలీదు.

మరి ఇన్నేళ్ళూ ఆ రెండు భాగాల్నీ
దేంతో తూచాను నేను?
కనిగిరిలో తప్ప ఎక్కడా ఆడని సినిమాతో,
గోడ ఊపిరి తీసిందనుకున్న ఒక పిల్లాడితో.

తెల్లారి వీధి మలుపులో ప్లాంటు ఆటో.
మైకులో ముందు మాలకొండయ్య దగ్గు,
దగ్గు తర్వాత
"మంచినీళ్ళు, మంచినీళ్ళు, క్యాను పది రూపాయలు."
ఖాళీ క్యాను పట్టుకుని
కాస్త ఆగి బయటికొచ్చాను.