పదమూడు

వేళచ్చేరి. నీళ్లు దిగి పన్నెండు రోజులు.
బాస్కెట్‌బాల్ కోర్టు చెక్కలన్నీ అంచులు పైకి లేపి
దోసిళ్లు పట్టినట్టున్నాయి.

కోచ్ తామరసెల్వికి తొందర.
"వచ్చే నెల టోర్నీ. మిషన్ పెట్టి గీకేయండి."
కాళాచారి మామ మోకాళ్ల మీద కూచుని
మీటరు సూదులు గుచ్చాడు: ఇరవై రెండు.
"తడి మీద చదును చేస్తే
ఆరాక నడుం పైకెత్తుద్దమ్మా. ఎండనీ."

ఎండనీ అంటే ఊరికే కూచోడం కాదు.
దూలాల సందుల్లో బురద చేత్తో తోడడం,
ఫ్యాన్ల హోరులో అక్కడే పడుకోడం.
బురదలో ఒక విజిల్ దొరికింది. ఊదాను.
లోపల గింజ కదల్లేదు.

టోర్నీ అణ్ణానగర్‌లో జరిగిపోయింది.

ముప్పయ్యేడో రోజు, పదమూడు.
చచ్చిన చెక్కలు నలభై పీకి కొత్తవి బిగించాం.
ఫ్రీ త్రో గీత దగ్గర తెల్లగా, అతుకు కనపడేట్టు.
రంగు కలపనా అంటే మామ వద్దన్నాడు.
"కాళ్లే కలుపుతాయి లేరా."

మొదటి బంతి ఎనిమిదో క్లాసు యాళినిది.
పాత చెక్క మీద ఒక చప్పుడు,
కొత్తదాని మీద ఇంకొకటి.
ఆగి, రెండు చోట్లా మళ్లీ కొట్టి, నవ్వింది.

మామ నవ్వలేదు.
జేబులోంచి మీటరు తీశాడు.